రెండో బెల్లు

కుట్టుటీచరు చనిపోయిన వారంలోనే ఆస్పత్రివాళ్ళు కామాను సంతకం అడిగారు. కొత్త బ్లాకు మూడో వార్డులో రోగులు నర్సును పిలిచే బెల్లు సక్రమంగా పనిచేస్తోందని స్వయంగా పరీక్షించి చూశాననీ, లోపమేమీ కనబడలేదనీ ఆవిడ రాసివ్వాలి. ఆ కాగితం అందితే ఎంక్వయిరీ ఒక్క పూటలో ముగుస్తుంది. అలా ముగిస్తే టీచరు పడిపోయిన మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న నర్సు ఉద్యోగం పోతుంది. ఉద్యోగం ఒక్కటే కాదు, ఇంకెక్కడా నర్సుగా పనిచేయకుండా ఆమె రిజిస్ట్రేషను కూడా తీసేస్తారని పెద్దసారు చెప్పాడు. చెప్పి, పాపం అన్నాడు. ఆ వెంటనే కాగితం త్వరగా కావాలన్నాడు.

పెద్దసారంటే కంపెనీ యజమాని. కంపెనీ అంటే కళ్ళద్దాల దుకాణం పైన రెండు గదులు, అరడజను కుర్చీలు, సరిగ్గా ఎండాకాలంలోనే జబ్బు పడే ఒక ఏసీ. రోగి మంచం పక్కనున్న బటను నొక్కితే నర్సుల బల్ల దగ్గర బెల్లు మోగి, మంచం నంబరు ఒకసారి వెలిగి ఆరుతుంది. ఎవరూ వెళ్ళకపోతే రెండు నిమిషాలకు మళ్ళీ మోగుతుంది. వెళ్ళినవాళ్ళు మంచం దగ్గరున్న ఆకుపచ్చ బటను నొక్కేదాకా అలా మోగుతూనే ఉండాలి. దీన్నంతా నడిపించే ప్రోగ్రాము వీళ్ళది. మనిషి మరిచిపోవచ్చు గానీ మా బెల్లు మరిచిపోదని పెద్దసారు ఆస్పత్రివాళ్ళకు చెప్పి మరీ అమ్మాడు.

కామా అన్నది ఆవిడ అసలు పేరు కాదు. చేరిన కొత్తలో, ప్రోగ్రామర్లందరూ పొద్దుటినుంచీ తలలు పట్టుకుని కూర్చున్న చోట, ఒక వరుస చివర కామా లేదని వేలు పెట్టి చూపించింది. అంతే, యజమాని మొదలుకుని టీ తెచ్చే మనిషి దాకా అందరికీ కామాగారైపోయింది. ఆవిడ పని టెస్టింగు. ఇతరులు ఇష్టపడి కట్టినదాన్ని ఎలా కూలగొట్టవచ్చా అని రోజంతా ఆలోచించి, దానికి జీతం తీసుకోవడం. ఆ బెల్లు ప్రోగ్రాము రాసినవాడు ఆవిడ మరిది. చిన్నప్పటినుంచీ ఆవిడ చేతి అన్నం తిని పెరిగినవాడు, నోట్లో నాలుక లేనివాడు. అందుకని ఆఫీసులో అతన్ని ఫుల్‌స్టాపు అంటారు. సాయంత్రం వదినా మరిదీ ఒకే స్కూటరెక్కి ఇంటికి వెళ్తుంటే వాక్యం బయలుదేరిందని నవ్వుకుంటారు.

జరిగింది అందరికీ తెలిసిందే. కుట్టుటీచరుకు తుంటి ఎముక ఆపరేషను అయింది, కొత్త మూడో వార్డులో ఉంచారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఆవిడకు ఏదో అవసరం వచ్చింది, బటను నొక్కింది. ఎవరూ రాలేదు. చాలాసేపు చూసి, తానే మంచం దిగబోయి పడింది. సెలైను స్టాండు ఇనుప కాలు తలకు తగిలింది. మర్నాడు పొద్దున్నే పోయింది. బెల్లు ఒక్కసారే మోగింది, మళ్ళీ మోగలేదు అని నర్సు చెప్పింది. కంప్యూటరులో చూస్తే మూడో వార్డు బెల్లు మోగింది, మళ్ళీ మోగింది, మళ్ళీ మోగింది అని పేజీ కిందిదాకా ఉంది. టీచరును ఎత్తి తీసుకుపోయిన తర్వాత కూడా మోగుతూనే ఉన్నట్టుంది. ఆ హడావిడిలో ఆకుపచ్చ బటను నొక్కడం ఎవరికి గుర్తుంటుంది అనుకున్నారు. మనిషి ఒకటి అంటోంది, మెషీను ఒకటి అంటోంది. మెషీనుకు అబద్ధం చెప్పే అవసరం ఏముంది అన్నాడు సూపరింటెండెంటు. నిజం చెప్పాలంటే కామా కూడా అదే అనుకుంది.

అనుకున్నా, చూడకుండా సంతకం పెట్టే అలవాటు ఆవిడకు లేదు. మర్నాడు పొద్దున్నే ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళింది. కొత్త బ్లాకు ఇంకా కొత్త వాసనే వేస్తోంది. కిటికీ అద్దాలకు అంటించిన కాగితాలు కూడా పూర్తిగా పీకలేదు. మూడో వార్డులో డ్యూటీ నర్సులు ఆవిడ మెడలో కంపెనీ కార్డు చూసి పలకరించలేదు. కుర్చీ చూపించలేదు. ఒకామె మాత్రం, మీరేనా మా మనిషి మీద రాయబోయేది అని అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోయింది. కామా ఆ మాట దిగమింగి, ఖాళీగా ఉన్న మంచం దగ్గరికి వెళ్ళి బటను నొక్కింది. బెల్లు మోగింది. ఎవర్నీ రావద్దని ముందే చెప్పింది కనుక ఎవరూ కదల్లేదు. రెండు నిమిషాలకు మళ్ళీ మోగింది. మళ్ళీ రెండు నిమిషాలకు మళ్ళీ మోగింది. వరసగా అన్ని మంచాలూ చూసింది. రోగులు కొందరు ఆవిడ వంక జాలిగా చూశారు, పాపం ఈవిడ పిలిస్తే ఎవరూ రావడం లేదని కాబోలు. కుట్టుటీచరు మంచం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి కాస్త ఆగింది. దుప్పటి మార్చారు, దిండు మార్చారు. బెల్లు మోగింది, మళ్ళీ మోగింది. లోపమేమీ లేదు.

మనసులో ఒక భారం దిగి ఇంకో భారం ఎక్కింది. మరిది రాసింది బాగానే ఉంది. అయితే నర్సే అబద్ధమాడింది. చిన్న ఉద్యోగం, పెద్ద భయం, ఎవరైనా అలాగే చెబుతారు. ఇలా సర్ది చెప్పుకుంటూ గేటుకు దగ్గర దారి అని పాత బ్లాకులోంచి నడిచింది. పాత బ్లాకు ఖాళీ చేసి రంగులు వేయిస్తున్నారు. నేలంతా సున్నం పొక్కులు, మంచాలన్నీ ఒక మూలకు తోసి ప్లాస్టిక్ పట్టా కప్పారు. పాత మూడో వార్డులో నిచ్చెన మీద కూర్చుని పెయింటరు గోడ గీకుతున్నాడు. పరీక్షకని ఆవిడ తెచ్చి సంచీలో పెట్టుకున్న బెల్లు పెట్టెను చూసి పని ఆపాడు.

"బెల్లు కంపెనీవాళ్ళా మేడం? దీన్ని కాస్త విప్పి తీసుకుపోదురూ. చెవులు తినేసింది మొన్న."

కామా తలెత్తి చూసింది. ఖాళీ వార్డు గోడ మీద పాత బెల్లు పెట్టె అలాగే ఉంది. దాని నోట్లో రంగు గుడ్డ కుక్కి ఉంది. ఎప్పుడు మోగిందని అడిగింది. మొన్న కాదు, పోయిన వారం అన్నాడు పెయింటరు. భోజనాలు చేసి కాస్త నడుం వాల్చారట అందరూ. అప్పుడు మొదలెట్టిందట. ఆగుతుంది, కాసేపటికి మళ్ళీ మోగుతుంది. టెస్టింగు చేస్తున్నారేమో అనుకున్నారట. చివరికి విసుగొచ్చి గుడ్డ కుక్కేశాడట. అతను ఆ మాటలు చెబుతూ నవ్వాడు. "ఈ మంచాలకు కూడా రోగం వచ్చిందర్రా, పిలుస్తున్నాయి పోండి అని మావాళ్ళను ఏడిపించాను" అన్నాడు. సాయంత్రానికి దానంతటదే ఆగిపోయిందట.

కామా పట్టా కప్పిన మంచం అంచున కూర్చుంది. మేడం, రంగు అంటుతుంది అని పెయింటరు హెచ్చరించాడు. అంటింది కూడా. ఆవిడ చూసుకోలేదు.

ఆఫీసుకు వచ్చి మధ్యాహ్నం దాకా కంప్యూటరు ముందునుంచి లేవలేదు. ఇప్పుడు నడుస్తున్న ప్రోగ్రాము కాదు, ఆ మధ్యాహ్నం నడిచిన ప్రోగ్రాము కావాలి ఆవిడకు. పాతవన్నీ కంపెనీ దాచి ఉంచుతుంది. తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

మరిది రాసింది ఒక పట్టిక. వార్డుకు ఒక గడి. గడిలో ఆ వార్డు బెల్లు ఏం చేయాలో చెప్పే చిన్న ఫంక్షను, దానికంటూ వేరే పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసినది. మోగు, రెండు నిమిషాలు చూడు, ఎవరూ రాకపోతే పట్టికలోకి వెళ్ళి, నీ గడి నువ్వే వెతుక్కుని, మళ్ళీ మోగు. తనను తానే పిలుచుకునే ఫంక్షను. చిక్కు ఎక్కడంటే, దాన్ని రాస్తున్న సమయానికి ఆ పట్టిక ఇంకా పుట్టలేదు. ఆ కంప్యూటరు భాషలో చివరి బ్రాకెట్టు మూసేదాకా పట్టిక పేరు చెల్లదు. లోపలున్న ఫంక్షను ముందే ఆ పేరు పట్టుకుని పిలవబోతే, రాసినదాన్ని మెషీను భాషలోకి మార్చే కంపైలరు, అదెవరో నాకు తెలియదని అక్కడే పని ఆపేస్తుంది. ఆపి ఉంటే ఎంత బాగుండేది. కానీ పాత బ్లాకు కోసం రాసిన పాత పట్టిక ప్రోగ్రాములోనే ఇంకోచోట అలాగే ఉంది, దాని పేరూ అదే. కంపైలరుకు ఆ పేరుగల పట్టిక కావాలి, దొరికింది, నోరు మూసుకుంది. కొత్త మూడో వార్డు బెల్లు మొదటిసారి కొత్త వార్డులోనే మోగింది. తర్వాత తనను తాను పిలుచుకుంటున్నాననుకుని పాత మూడో వార్డు బెల్లును పిలిచింది. ఆ బెల్లు అక్కడ, ఖాళీ మంచాల మధ్య, తనను తాను పిలుచుకుంటూ పోయింది. ఆపడానికి అక్కడ ఆకుపచ్చ బటను నొక్కే మనిషి లేడు. రికార్డులో మాత్రం పాతదైనా కొత్తదైనా మూడో వార్డు అనే పడుతుంది.

కొత్త బ్లాకు తెరిచి అప్పటికి కొద్దిరోజులే. పెద్దలూ అధికారులూ తిరుగుతూ ఉండటం వల్ల ఆ రోజుల్లో అందరూ మొదటి బెల్లుకే పరుగెత్తారు. రెండోది మోగవలసిన అవసరం ఎవరికీ పడలేదు. మరి నేనెలా పట్టుకోలేకపోయాను అని కామా తన బల్ల మీదకు చూసుకుంది. ఆవిడ టెస్టింగు సరంజామా అంతా అక్కడే ఉంది, బటన్లు బోలెడు, బెల్లు ఒక్కటే. పాత వార్డు మోగినా కొత్త వార్డు మోగినా మోగేది ఆ ఒక్క పెట్టే. ఆవిడ కొత్త వార్డు బటను నొక్కింది, మోగింది. ఆగింది, మళ్ళీ మోగింది. ఏ వార్డు మోగిందో చూడలేదు, విన్నది అంతే. విని, బాగుంది అని టిక్కు పెట్టింది. పైగా అంతా ఒకే పట్టికలో ముచ్చటగా సర్దాడని మరిదిని ఆ రోజు మెచ్చుకుంది కూడా. తలుచుకుంటే సిగ్గేసింది.

ఇప్పుడు నడుస్తున్న ప్రోగ్రాములో ఆ తప్పు లేదు. ముందు పట్టికను ఖాళీగా పుట్టించి, పేరు చెల్లేలా చేసి, తర్వాత ఒక్కొక్క గడీ నింపారు. దిద్దినవాడు మరిది. దిద్దినది కుట్టుటీచరు పడిపోయిన రోజు సాయంత్రం. పాత బెల్లు దానంతటది ఆగిపోలేదన్నమాట. ఆవిడ ఆ వరుసలకేసి చూస్తూ కూర్చుండిపోయింది. అటుపక్క బల్ల దగ్గర మరిది తల వంచుకుని పనిచేసుకుంటున్నాడు. అతని మెడ వెనక జుట్టు పెరిగింది, కటింగు చేయించుకోమని చెప్పాలి అనుకుంది. అంత కోపంలోనూ ఆవిడకు ఆ ఆలోచనే వచ్చింది.

ఇంటికి వచ్చాక గానీ ఆవిడ నోరు విప్పలేదు. భర్త దూరపు రూటు బస్సు తోలుతాడు, ఆ వారం ఊళ్ళో లేడు. ఇంట్లో వాళ్ళిద్దరే. గిన్నెలు తోమే వంతు మరిదిది. అతను సింకు దగ్గర నిలబడి తోముతుంటే, ఆవిడ తడి పళ్ళాలు ఒక్కొక్కటీ తుడిచి పెడుతోంది.

"ఆ రోజు సాయంత్రం పట్టిక మార్చావు" అంది.

అతను వెనక్కి తిరగలేదు. తోమిన గిన్నెనే మళ్ళీ తోమాడు. "మార్చాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఊరుకోవు కదా వదినా."

ఆవిడకు ఒళ్ళు మండింది. పళ్ళెం బల్ల మీద పెట్టిన చప్పుడుకు అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత మెల్లమెల్లగా, మాటకూ మాటకూ మధ్య నీళ్ళ చప్పుడు వదిలిపెడుతూ, చెప్పుకొచ్చాడు. ఆస్పత్రివాళ్ళు ఫోను చేసి బెల్లు రికార్డు అడిగారట. తీస్తుంటే అనుమానం వచ్చిందట. చూడగానే అర్థమైపోయిందట. వెంటనే మార్చి పంపేశాడు. ఇంకొకరికి అలా జరగకూడదని ముందు మార్చాడు, ఆ తర్వాత ఎవరికైనా చెబుదామనుకున్నాడు.

"అప్పటికి ఆవిడ బతికే ఉంది వదినా. లేచి కూర్చుంటుందనుకున్నాను. లేచాక ఇంక ఈ గొడవ ఎవరికి కావాలి అనుకున్నాను. పొద్దున్నే పోయిందన్నారు. అప్పట్నించీ నాకు నోరు పెగలడం లేదు."

కామాకు తిట్టాలని ఉంది, దగ్గరికి తీసుకోవాలనీ ఉంది, రెండూ చేయలేకపోయింది. నర్సు సంగతి అడిగింది. ఆమెకు ఇంకేదైనా ఉద్యోగం దొరుకుతుందేమో అన్నాడు గోడకేసి చూస్తూ. అన్నాక ఆ మాట తనకే నచ్చనట్టు కుళాయి కట్టేశాడు.

సంతకం పెట్టేద్దామని ఆవిడకు అనిపించలేదనుకుంటే పొరపాటే. కాగితం తీసి మళ్ళీ చదివింది. బెల్లు సక్రమంగా పనిచేస్తోంది, అని ఉంది. పనిచేస్తోంది. పరీక్షించి చూశాను, అని ఉంది. చూసింది. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ఆ రోజు పనిచేసిందా అని వాళ్ళు అడగలేదు, అడగనిదానికి జవాబు చెప్పమని ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. సంతకం పెడితే అందరూ చల్లగా ఉంటారు, ఒక్క నర్సు తప్ప. ఆ నర్సును ఆవిడ ఇంతవరకూ కళ్ళారా చూడలేదు. చూడకుండా ఉంటే ఇంకా తేలిక. అంత నీచంగా ఆలోచిస్తున్నందుకు ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది. పొద్దున్న మరిదికి టిఫిను పెడుతూ, తాను సంతకం పెట్టడం లేదని చెప్పింది. ఎందుకు పెట్టలేదో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని అడిగింది. అతను ప్లేటులో పెట్టింది సగం వదిలేసి చెయ్యి కడుక్కుని, ఇస్త్రీ చేసిన చొక్కా ఉందా అని అడిగాడు.

ఎంక్వయిరీ ఆస్పత్రి మీటింగు గదిలో జరిగింది. పొడుగాటి బల్ల, చుట్టూ తోలు కుర్చీలు, మధ్యలో ఎవరూ తాగని నీళ్ళ సీసాలు. సూపరింటెండెంటు ఒక కొసన కూర్చున్నాడు. ఆయనకు ఒకవైపు పెద్దసారు, ఆ పక్కన వదినా మరిదీ, రెండోవైపు కుట్టుటీచరు కూతురు. కూతురు చేతిసంచీ జిప్పు తీస్తూ వేస్తూ ఉంది. నర్సును అప్పుడు చూసింది కామా. యూనిఫారం లేదు. నడివయసు మనిషి, భుజాలు కాస్త ముందుకు వంగి ఉన్నాయి. కుర్చీ ఉన్నా కూర్చోకుండా గోడవారగా నిలబడింది. ఏమడిగినా ఒకటే మాట. ఒక్కసారే మోగిందండీ. మెల్లగా చెబుతోంది, ఎవరూ నమ్మరని తెలిసినట్టే చెబుతోంది. ముందు చెప్పిందే చెబుతావేమిటి అని సూపరింటెండెంటు విసుక్కుని, కామా వైపు చెయ్యి చాపాడు. కాగితం కోసం.

కామా కాగితం ఇచ్చింది. సంతకం లేదేమిటన్నాడు ఆయన. పెద్దసారు గొంతు సవరించుకుని, మరిచిపోయి ఉంటారు, పెన్ను ఇవ్వండి అన్నాడు. ఆవిడ మరిది వంక చూడలేదు. చూస్తే బలవంతం చేసినట్టవుతుందని బల్ల మీదకు చూస్తూ, ఇక తానే చెప్పాలి కాబోలని మాటలు కూడదీసుకుంటోంది. పక్కన కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

ఫుల్‌స్టాపు లేచి నిలబడ్డాడు. బెల్లు కొత్త వార్డులో ఒక్కసారే మోగిందండీ, ఆమె చెప్పింది నిజం, అన్నాడు. అక్కడినుంచి పట్టిక, గడి, పేరు, బ్రాకెట్టు అంటూ మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో అతను అంత సేపు మాట్లాడగా ఆవిడ వినలేదు. సూపరింటెండెంటు మధ్యలో రెండుసార్లు ఆపి, అర్థమయ్యేలా చెప్పవయ్యా అన్నాడు. పెద్దసారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. చివరికి మరిది అదంతా వదిలేసి, తప్పు నాది, అదే రోజు సాయంత్రం తెలిసింది, దిద్దాను, చెప్పలేదు, అన్నాడు. జిప్పు చప్పుడు ఆగిపోయింది.

కుట్టుటీచరు కూతురు అప్పుడు మొదటిసారి నోరు తెరిచింది. ఆమెకు పట్టికలతో పని లేదు.

"అంటే మా అమ్మ పిలుస్తూనే ఉందన్నమాట. అది ఎక్కడ వినబడింది?"

మరిది తల వంచుకున్నాడు. "పాత వార్డులో అమ్మా. అక్కడ ఎవరూ లేరు."

పెయింటర్లు ఉన్నారని కామాకు తెలుసు. ఆ సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత అంతా త్వరత్వరగా అయిపోయింది. నర్సు తప్పు లేదని రాసుకున్నారు. రేపటినుంచి డ్యూటీకి రావచ్చునన్నారు. అంతదాకా నిలబడే ఉన్న నర్సు అప్పుడు పక్కనున్న కుర్చీలో కూర్చుంది, అంతే. ఏడవలేదు, ఎవరికీ దణ్ణం పెట్టలేదు. మెట్లు దిగుతూ పెద్దసారు మరిదిని రేపటినుంచి ఆఫీసుకు రావద్దన్నాడు. గట్టిగా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. ఈ ఆస్పత్రి పని పోయాక ఎవరి జీతాలు ఉంటాయో చూడాలన్నాడు కామాతో. మరిది వెళ్ళి స్కూటరు పక్కన నిలబడ్డాడు. వారంరోజులుగా వంగిపోయి ఉన్న మనిషి కాస్త నిటారుగా నిలబడ్డట్టు కనిపించాడు ఆవిడకు. అతన్ని ఉండమని సైగ చేసి కామా మళ్ళీ పైకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందంటే ఆవిడకే తెలియదు. క్షమించమని అడగడానికి అనుకుంది. లోలోపల, బాగా చేశావమ్మా అన్న మాట ఒక్కటి నర్సు నోటినుంచి వినాలన్న ఆశ కూడా ఉండే ఉంటుంది.

నర్సు కొత్త బ్లాకు వరండాలో, మూడో వార్డు తలుపుకు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని ఉంది. లోపల బల్ల దగ్గర డ్యూటీ నర్సు చిన్న చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో మాత్రలు సర్దుతోంది. కామా తానెవరో చెప్పింది. నర్సు జరిగి చోటిచ్చింది.

కామా చెప్పదలుచుకున్నదంతా చెప్పింది. ఆ బెల్లు పరీక్షించింది తానేననీ, తన బల్ల మీద ఒక్క బెల్లే ఉండటం వల్ల తేడా పట్టుకోలేకపోయాననీ, మీ మీద పడిన నిందలో తనకూ భాగం ఉందనీ చెప్పింది. నర్సు అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి తలూపింది. ఆమె చూపు మాత్రం లోపల మాత్రలు సర్దుతున్న చేతుల మీదే ఉంది.

"నేనూ అదే పని చేస్తున్నానండీ అప్పుడు" అంది. "మాత్రలు వేస్తున్నాను. మొదటి బెల్లు విన్నాను."

కామా కూడా ఆ చేతులవైపు చూసింది.

"మా దగ్గర అందరం అంతే. మొదటి బెల్లుకు చేతిలో పని ముగించుకుంటాం. రెండో బెల్లుకు లేస్తాం. ఎలాగూ మళ్ళీ మోగుతుంది కదా. మోగలేదు. మోగకపోయేసరికి అవసరం తీరిపోయిందేమో, పక్కమంచం వాళ్ళెవరైనా నీళ్ళు అందించారేమో అనుకున్నాం." ఆగింది. "అనుకున్నాను."

వరండాలో ఎవరో తోపుడు కుర్చీ నెట్టుకుంటూ పోయారు. అది మలుపు తిరిగేదాకా నర్సు ఆగింది. మీ కంపెనీ రాకముందు తీగ బెల్లు ఉండేదండీ అని చెప్పింది. అది ఒక్కసారే మోగేదట. మోగితే చేతిలో ఏమున్నా అక్కడ పడేసి పరుగెత్తేవారట, ఎందుకంటే అది మళ్ళీ మోగదని అందరికీ తెలుసు. ఎంక్వయిరీలో ఆమెను ఎన్నిసార్లు మోగిందని అడిగారే గానీ, మోగినప్పుడు ఏం చేశావని ఎవరూ అడగలేదు. బెల్లు అన్నిసార్లు మోగిందని వాళ్ళు అంటుంటే, నా చెవులే చెడిపోయాయేమో, చెడిపోతే బాగుండును అనుకుందట ఈ వారమంతా.

"ఇప్పుడు తప్పు నాది కాదని రాసిచ్చారు. ఇక నన్ను ఒక్క మాట అనేవాళ్ళు కూడా లేరు."

ఆ మాటకు కామా కళ్ళు నిండాయి. మరిది నిజం చెప్పేస్తే ఈ మనిషికి శాంతి దొరుకుతుందని రాత్రంతా నమ్మింది ఆవిడ. ఆ నమ్మకంతోనే అన్నం పెట్టి పెంచినవాణ్ణి నలుగురి ముందూ నిలబెట్టింది. మళ్ళీ మళ్ళీ మోగే బెల్లును పట్టుకుని తామంతా ఎంత మురిసిపోయారు. అది మళ్ళీ మోగుతుందా లేదా అని వందసార్లు పరీక్షించింది తాను. మళ్ళీ మోగుతుందని తెలిసిన మనుషులు ఏం చేస్తారన్నది ఒక్కసారైనా ఆలోచించలేదు.

"ఆ రెండో బెల్లు తీసేయండమ్మా" అంది నర్సు. అడిగినట్టు లేదు, బతిమాలినట్టు ఉంది. "ఒక్కటే మోగనివ్వండి."

సరేనని గానీ, కుదరదని గానీ చెప్పే అధికారం కామాకు లేదు. రేపటికి తన ఉద్యోగమే ఉంటుందో లేదో తెలియదు. అయినా ఏదో ఒకటి అనాలని నోరు తెరిచింది. అంతలో లోపల బెల్లు మోగింది. బల్ల దగ్గరున్న డ్యూటీ నర్సు వెలిగిన నంబరు వంక ఒకసారి చూసి, ఇంకో గిన్నెలో మాత్ర వేసింది. బెంచీ మీద పక్కన ఖాళీ అయింది. యూనిఫారం లేకుండా, రేపటిదాకా డ్యూటీ కూడా లేని నర్సు తలుపు తోసుకుని మంచాల మధ్యలోంచి పరుగెత్తుతోంది.

కామా కూర్చున్నచోటే కూర్చుని చెవులు రిక్కించింది. రెండు నిమిషాలు దాటాయి. లోపల ఎవరో దగ్గారు, గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడైంది. రెండో బెల్లు మోగలేదు.